వానలు రాకముందే కుక్కకు పాదం ఇవ్వడం నేర్పుదాం

అక్టోబరు వచ్చిందంటే తిరుపతికి ఈశాన్య రుతుపవనాల వానలు. శేషాచలం కొండల మీద మబ్బు దిగుతుంది. కపిలతీర్థం జలపాతం హోరెత్తుతుంది. ఊరు చల్లబడి, మనుషులకు ప్రాణం లేచివస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే కుక్కలున్న కొన్ని ఇళ్లలో రాత్రిపూట నిద్ర చెడుతుంది. దీపాలార్పి పడుకున్నాక ఒక మూల నుంచి చప్పుడు వస్తుంది. కుక్క పాదం నాక్కుంటోంది. ఎంతకీ ఆపదు. కాసేపటికి చెవులు టపటపా విదిలిస్తుంది. ఆ తర్వాత వెనక కాలితో పొట్ట గోక్కుంటుంది. ఎవరో ఒకరు లేచి 'ఏయ్, ఊరుకో' అని అరుస్తారు. అది ఒక్క నిమిషం ఊరుకుంటుంది. మళ్లీ మొదలుపెడుతుంది.

అది అల్లరి కాదండీ. దురద. మనం అరిస్తే దురద పోదు. కుక్క మనకు కనబడకుండా మంచం కిందికి పోయి నాక్కుంటుంది, అంతే.

ఈ పూట చెప్పుకోబోయేది ఒక్కటే మాట. అలర్జీ కాలం రాకముందే కుక్కకు తన ఒంటిని మన చేతికి ఇవ్వడం నేర్పాలి. పాదం ఇవ్వాలి. చెవి ఇవ్వాలి. స్నానానికి నిలబడాలి. ఈ నేర్పడం వల్ల అలర్జీ నయమవుతుందా అంటే, కాదు. ఆ సంగతి ముందే చెప్పుకోవాలి. అలర్జీని అదుపులో పెట్టేవి మందు, స్నానం, శుభ్రత. కానీ మందు వెయ్యాలంటే కుక్క నోరు తెరవాలి గదా. పాదం కడగాలంటే పాదం ఇవ్వాలి గదా. నలుగురు పట్టుకుని అదిమితే తప్ప మందు పడని కుక్కకు ఎంత మంచి మందు రాసిచ్చినా ఏం లాభం? శిక్షణ పనికొచ్చేది అక్కడ.

ముందు అసలు కుక్కకు అలర్జీ ఎలా వస్తుందో చూద్దాం. మనకు పుప్పొడి పడకపోతే తుమ్ములొస్తాయి, ముక్కు కారుతుంది, కళ్లు మండుతాయి. కుక్కకు ఎక్కువగా చర్మం మీద చూపిస్తుంది. పాదాల వేళ్ల సందులు, చెవులు, మూతి, కళ్ల చుట్టూ, చంకలు, పొట్ట కింద. అక్కడ ఎర్రబడుతుంది, దురద పెడుతుంది. ఇలాంటి కుక్కల చర్మం పైపొర బలహీనంగా ఉంటుంది. గాలిలోని పుప్పొడి, దుమ్ములోని కంటికి కనబడని పురుగులు, బూజు, ఇవన్నీ ఆ చర్మం గుండానే లోపలికి పోయి దురద రేపుతాయి. సాధారణంగా ఆరు నెలల వయసుకూ మూడేళ్లకూ మధ్య ఇది మొదలవుతుంది. ల్యాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, పగ్ లాంటి జాతుల్లో ఎక్కువ. అంటే మన ఊళ్లలో ఇప్పుడు ఇంటింటా ముచ్చటపడి పెంచుకుంటున్న జాతులే. నాటు కుక్కకు రాదని కాదు. దానికీ రావచ్చు.

మరి మన చుట్టుపక్కల ఏముంది? తిరుపతి అంచుల్లో లేఅవుట్లు చూడండి. ఇల్లు కట్టని ప్లాట్లు ఎన్నో. నాలుగు చినుకులు పడితే చాలు, వాటినిండా వయ్యారిభామ మొలుస్తుంది. తెల్లటి చిన్నచిన్న పూలు, క్యారెట్ ఆకులాంటి ఆకు. మన దేశంలో ఈ మొక్క 1950ల్లో పూణే దగ్గర మొదట కనబడింది. ఇప్పుడు అది లేని ఊరు లేదు. దీని పుప్పొడి మనుషుల్లో ఉబ్బసాన్ని, తుమ్ముల్ని రేపుతుంది. మొక్క తగిలితే చర్మం పొక్కుతుంది. పశువులకూ దీనితో చర్మవ్యాధులు వస్తాయి. సేద్యం చేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. చేతులకు గుడ్డ చుట్టుకోకుండా దాన్ని పీకరు. కానీ కుక్క? పొద్దున షికారుకు తీసుకుపోతే మొదట దూరేది ఆ ప్లాట్లోకే. పొట్ట, పాదాలు, మూతి ఆ మొక్కలకు రాసుకుంటూ తిరిగి వస్తుంది. నేరుగా వచ్చి సోఫా ఎక్కుతుంది.

వయ్యారిభామ ఒక్కటే కాదు. చిత్తూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి దారుల్లో ఎక్కడ చూసినా సర్కారు తుమ్మ. దాని పుప్పొడి కూడా మన దేశంలో పేరుపడ్డ అలర్జీ కారకమే. మనం వినాయకుడి పూజకు కోసుకొచ్చే గరిక కూడా పూతకొస్తే పుప్పొడి విడుస్తుంది. ప్రపంచమంతా కుక్కల అలర్జీ పరీక్షల్లో వాడే గడ్డిజాతుల్లో గరిక ఒకటి. ఇక వానలు ముసురుపట్టి నాలుగైదు రోజులు ఎండ రాకపోతే గోడలకు చెమ్మ ఎక్కుతుంది, బూజు పడుతుంది. పరుపుల్లో, గోనెపట్టాల్లో దుమ్ము పురుగులు పెరుగుతాయి. ఒక కుక్కకు వీటిలో ఏది పడదో మరో కుక్కకు అదే పడకపోవాలని లేదు. అందుకే గోడమీది క్యాలెండర్‌ను వాడుకోండి. రోజూ తేదీ పక్కన ఒక అంకె వెయ్యండి. దురద అసలు లేకపోతే సున్నా. రాత్రంతా నిద్రపోనివ్వకపోతే పది. మధ్యలో మీకు తోచినంత. రెండేళ్లు ఇలా వేస్తే, ఏ నెలలో మొదలవుతోంది, ఏ నెలలో తగ్గుతోంది అన్నది తెలిసిపోతుంది. డాక్టరు దగ్గరికి ఆ క్యాలెండర్ తీసుకుపోతే, నోటితో చెప్పే పదిమాటల కన్నా అది ఎక్కువ పనికొస్తుంది.

డాక్టరు మాట వచ్చింది కాబట్టి ఒకటి గట్టిగా చెప్పాలి. గోక్కునే ప్రతి కుక్కకూ అలర్జీ అనుకోకూడదు. పిడుదులు ఉండొచ్చు. ఫ్లీలు, అంటే వెంట్రుకల్లో గెంతుతూ తిరిగే చిన్న పురుగులు, అవి ఉండొచ్చు. ఫ్లీ ఉమ్ము పడని కుక్కకు ఒకటి రెండు కాట్లు చాలు. నడుం వెనక, తోక మొదట్లో కొరుక్కుని పుండు చేసుకుంటుంది. తిండి పడక దురద రావచ్చు. గజ్జి కావచ్చు. గజ్జిలో ఒక రకం మనుషులకూ అంటుతుంది. అలర్జీ మాత్రం ఒకరి నుంచి ఒకరికి అంటదు. ఈ తేడా కంటితో చూసి మనం చెప్పలేం. చర్మం గీకి సూక్ష్మదర్శినిలో చూడాలి. తిరుపతిలో పశువైద్య కళాశాల 1955 నుంచి ఉంది. 2005లో అదే ఊరు కేంద్రంగా శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. కళాశాల చికిత్సాలయంలో పశువులతో పాటు కుక్కల్నీ చూస్తారు. పుణ్యక్షేత్రంగా లోకమంతా ఎరిగిన ఈ ఊరికి ఇది మరో పెద్ద ఆస్తి. ఇంత దగ్గర ఉండి వాడుకోకపోతే ఎలా?

సరే, అసలు విషయానికి వద్దాం. నేర్పడం.

తిరుపతిలో జీవకోన వైపు ఒక ఇల్లు అనుకుందాం. ఆ ఇంట్లో జిమ్మి అని ఒక ల్యాబ్రడార్. మూడేళ్లది. పోయిన ఏడాది వానల్లో పాదాలు నాకి నాకి పుండు చేసుకుంది. డాక్టరు మూడు పనులు చెప్పారు. బయట తిరిగి వచ్చిన ప్రతిసారీ నాలుగు పాదాలూ కడిగి తుడవాలి. వారానికొకసారి మందు షాంపూతో స్నానం. చెవుల్లో చుక్కలు. చెప్పడానికి మూడే పనులు. ఇంట్లో మాత్రం రోజూ యుద్ధం. నాన్న పట్టుకుంటాడు, అమ్మ నీళ్లు పోస్తుంది, కూతురు తువ్వాలు పట్టుకుని వెంటపడుతుంది. నాలుగో రోజుకల్లా జిమ్మి చెంబు చప్పుడు వింటే చాలు, మంచం కిందికి పోయింది. వారానికల్లా పాదం ముడితే గుర్రుమంది. ఆ తర్వాత పాదాలు కడగడం మానేశారు. పుండు పెరిగింది.

ఇందులో తప్పెవరిది? జిమ్మిది కాదు. పుండుపడిన పాదాన్ని నలుగురు పట్టుకుంటే ఎవరికైనా భయమే. ఇంటివాళ్లదీ కాదు. వాళ్లు దాని మంచికే చేశారు. జరిగింది ఒక్కటే. నొప్పి వచ్చాక నేర్పడం మొదలుపెట్టారు. నొప్పి రాకముందు నేర్పి ఉంటే కథ వేరుగా ఉండేది. అందుకే మొదటి మాట మళ్లీ చెబుతున్నాం. కాలం రాకముందు. పాదం బాగున్నప్పుడు. వినాయక చవితి నాటికి మొదలుపెడితే, పెద్ద వానలు వచ్చేలోగా నేర్పడానికి తీరిక దొరుకుతుంది.

ఎలా నేర్పాలి? దీని వెనక ఒక పాత సంగతి ఉంది. రష్యాలో ఇవాన్ పావ్‌లోవ్ అనే శాస్త్రవేత్త కుక్కల జీర్ణక్రియ మీద పరిశోధన చేసేవాడు. దానికి 1904లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పరిశోధనల్లో ఆయన ఒక వింత గమనించాడు. తిండి నోట్లో పడకముందే కుక్కకు లాలాజలం ఊరుతోంది. తిండి తెచ్చే మనిషి వస్తున్నాడని తెలిస్తే చాలు, ఊరుతోంది. అంటే ఏమిటి? ఒకటి జరిగాక వెంటనే మంచిది వస్తే, ఆ మొదటిది కూడా కుక్కకు మంచిదైపోతుంది. మన పనికి కావలసిందల్లా ఇదే. ముందు తాకడం, తర్వాత తిండి.

ఈ వరుస జాగ్రత్తగా వినండి. ముందు తాకడం, తర్వాత తిండి. చాలామంది తిరగేసి చేస్తారు. ముందు బిస్కెట్టు చూపించి పిలుస్తారు. కుక్క వచ్చి తింటుంటే గబుక్కున పాదం పట్టుకుంటారు. రెండుసార్లు అలా జరిగితే కుక్క ఏం నేర్చుకుంటుంది? బిస్కెట్టు వచ్చిందంటే వెనక ఏదో ఉంది అని. మూడోసారి బిస్కెట్టు చూసినా దగ్గరికి రాదు. తిండి చేతిలో కనబడనివ్వకండి. జేబులోనో, పక్కన గిన్నెలోనో ఉంచండి. పాదాన్ని తాకండి. చెయ్యి తీసెయ్యండి. అప్పుడు తిండి ఇవ్వండి.

తిండి అంటే గోరంత ముక్క. ఉడికించిన కోడిమాంసం ముక్కలు చాలు. ఉప్పు, కారం, మసాలా వెయ్యకూడదు. మన వైపు దొరికే గెనుసుగడ్డ ఉడికించి చిన్న ముక్కలు చేసినా బాగుంటుంది. తిండి అలర్జీ ఉందేమో అని డాక్టరు పథ్యం పెట్టి ఉంటే మాత్రం, ఆ పథ్యంలో ఉన్నదే ముక్కలుగా వాడండి. ఉల్లిపాయ తగిలిన కూర, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ పెట్టకూడదు. ఇవి కుక్కలకు విషం.

మొదటి రోజు భుజం తాకండి. ముక్క ఇవ్వండి. మళ్లీ భుజం. మళ్లీ ముక్క. ఒక నిమిషం, రెండు నిమిషాలు, చాలు. మర్నాడు భుజం నుంచి మోచేతి దాకా చెయ్యి జార్చండి. ఆ తర్వాత మణికట్టు దాకా. కుక్క కాలు వెనక్కి లాక్కుందా? మీరు తొందరపడ్డారని అర్థం. నిన్న ఎక్కడిదాకా ఊరుకుందో అక్కడికి తిరిగిపోండి. పాదం దాకా వచ్చాక, ఎత్తకుండా ఊరికే తాకండి. ఆ తర్వాత ఒక్క క్షణం ఎత్తి వదలండి. తర్వాత వేళ్ల సందులో మీ వేలు పెట్టండి. పొడిగుడ్డతో ఒక్కసారి తుడవండి. తర్వాత తడిగుడ్డ. చివరికి నీళ్లు. ప్రతి మెట్టులోనూ అదే వరుస. ముందు తాకడం, తర్వాత తిండి.

మన పెద్దమ్మలు పసిబిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని తలంటిన తీరు గుర్తుచేసుకోండి. మొదటి చెంబు నెత్తిన పొయ్యరు. ముందు పాదాల మీద నాలుగు చుక్కలు చిలకరిస్తారు. బిడ్డ ఉలిక్కిపడకపోతే మోకాళ్ల దాకా వస్తారు. అంతసేపూ మాట్లాడుతూనే ఉంటారు. కుక్క దగ్గర కూడా ఆ ఓపికే కావాలి.

నీళ్ల చప్పుడుకు భయపడే కుక్కలున్నాయి. వాటికి చప్పుడునూ విడిగా నేర్పండి. దూరంగా బకెట్లో చెంబు ముంచండి. ముక్క ఇవ్వండి. కొంచెం దగ్గరగా ముంచండి. ముక్క. కుక్క మీద చుక్క కూడా పడనివ్వకండి. మూడు నాలుగు రోజులు చప్పుడు మాత్రమే. చెంబు కనబడితే తోక ఊపిందంటే, అప్పుడు నీళ్లు.

ఇంగ్లండులో చిరాగ్ పటేల్ అనే జంతు శిక్షకుడు ఉన్నాడు. ఆయన ఒక ఆట రూపొందించాడు. బకెట్ గేమ్ అని ఇప్పుడు చాలా దేశాల్లో ఆడిస్తున్నారు. మన ఇంట్లో స్టీలు డబ్బాతో ఆడించవచ్చు. డబ్బాలో తిండి ముక్కలు వేసి కుక్కకు కనబడేలా స్టూలు మీద పెట్టండి. కుక్క దాని మీదికి దూకకుండా ఊరికే చూస్తూ ఉంటే, అందులోంచి ఒక ముక్క తీసి ఇవ్వండి. ఇలా కొన్ని రోజులు. డబ్బాను చూస్తూ నిలబడితే తిండి వస్తుందని కుక్కకు తెలిశాక, చెవి వైపు చెయ్యి కదపండి. కుక్క ఇంకా డబ్బానే చూస్తోందా? సరే, చెవి తాకండి. ముక్క ఇవ్వండి. కుక్క డబ్బా నుంచి చూపు తిప్పేసిందా? వెంటనే చెయ్యి తీసెయ్యండి. అది మళ్లీ తనంతట తాను డబ్బాను చూసేదాకా ఆగండి.

ఇందులో అసలు కీలకం ఎక్కడుందంటే, 'ఆగు' అని చెప్పే దారి కుక్కకు దొరికింది. చూపు తిప్పితే మనిషి ఆగుతాడు. ఆ సంగతి ఒకసారి తెలిశాక కుక్కకు గుర్రుమనే అవసరం, కరిచే అవసరం తగ్గిపోతుంది. అదిమి పట్టుకున్న కుక్కకు మిగిలేది పళ్లొక్కటే. జూల్లో సింహాలకు, కోతులకు మత్తు ఇవ్వకుండా రక్తం తీసేచోట్ల కూడా పద్ధతి ఇదే. జంతువు తనంతట తాను వచ్చి తోకనో, చేతినో అందిస్తుంది. అంతటి సింహం ఇస్తున్నప్పుడు మనింటి జిమ్మి ఎందుకివ్వదు?

ఇప్పుడు స్నానం. అలర్జీ కుక్కలకు డాక్టర్లు రాసిచ్చే మందు షాంపూలు చాలావరకు పది నిమిషాలు ఒంటి మీద ఉండాలి. అప్పుడే పని చేస్తాయి. పోసి వెంటనే కడిగేస్తే డబ్బు దండగ. కుక్క నురగతో పది నిమిషాలు నిలబడాలంటే అది నేర్పాల్సిన విద్యే. పొడిగా ఉన్నప్పుడే నేర్పండి. బాత్‌రూంలో జారకుండా గోనెపట్టా పరవండి. చాలా కుక్కలకు నీళ్లకన్నా జారే టైల్సంటేనే భయం. పట్టా మీద నిలబడితే ముక్క. ఐదు సెకన్లు నిలబడితే ముక్క. అర నిమిషం. రెండు నిమిషాలు. అలా పెంచుకుంటూ పొండి. తర్వాతే నీళ్లు, ఆ తర్వాతే షాంపూ. నీళ్లు గోరువెచ్చగా కూడా అక్కర్లేదు, మామూలు నీళ్లు చాలు. వేడినీళ్లు పోస్తే దురద ఎక్కువవుతుంది. మనం వాడే సబ్బు వద్దు. కుక్క చర్మం గుణం వేరు, మన చర్మం గుణం వేరు.

పాదాలు కడిగాక తడి ఉంచకూడదు. ఇది చాలామంది మరిచిపోతారు. వేళ్ల సందుల్లో తడి నిలిస్తే అక్కడ ఈస్ట్ అనే శిలీంధ్రం పెరుగుతుంది. పులిసిన వాసన వస్తుంది. దురద రెట్టింపవుతుంది. అందుకే తువ్వాలు పాఠం కూడా నేర్పాలి. ఒక వేలు సందు తుడిస్తే ఒక ముక్క.

చెవుల సంగతి కూడా అంతే. సీసా చూపించండి, ముక్క ఇవ్వండి. సీసా మూత తియ్యండి, ముక్క. ఖాళీ సీసాను చెవి దగ్గరికి తెండి, ముక్క. మందు పోసేది అన్నిటికన్నా చివర. పోసే ముందు సీసాను అరచేతిలో కాసేపు పట్టుకుంటే చుక్కల చలి తగ్గుతుంది. మెడకు పెట్టే కోన్, అంటే పుండు నాకకుండా కట్టే గరాటు లాంటి ప్లాస్టిక్ తొడుగు, దాన్ని కూడా అవసరం రాకముందే పరిచయం చెయ్యండి. నేల మీద పెట్టి అందులో అన్నం పెట్టండి. కుక్క తనే తల దూరుస్తుంది. మాత్ర వెయ్యాలంటే మూడు చిన్న సంగటి ముద్దలు చెయ్యండి. మొదటిది ఉత్తది. రెండో దానిలో మాత్ర. మూడోది ఉత్తది, రెండోది నోట్లో ఉండగానే కళ్ల ముందు చూపించండి. మూడో ముద్ద కోసం రెండోది గబుక్కున మింగేస్తుంది.

మాత్రల గురించి ఇంకో మాట. దురద బాగా ఎక్కువైతే డాక్టరు కొన్నాళ్లు స్టెరాయిడ్ ఇవ్వవచ్చు. స్టెరాయిడ్ తిన్న కుక్కకు దాహం ఎక్కువ. ఆకలి ఎక్కువ. మూత్రం ఎక్కువ. ఎన్నడూ ఇంట్లో పోయని కుక్క హాల్లో పోస్తుంది. వంటింట్లో దొంగతనం చేస్తుంది. చెప్పిన పాఠమంతా మరిచిపోయిందని దాన్ని కొట్టకండి. అది మందు ప్రభావం. రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి అదనంగా బయటికి తీసుకుపోండి. అన్నం గిన్నెల మీద మూతలు పెట్టండి. మీ అంతట మీరు స్టెరాయిడ్ మొదలుపెట్టకూడదు, మధ్యలో ఆపకూడదు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఇప్పుడు స్టెరాయిడ్ కాని కొత్త మందులు కూడా వచ్చాయి. ఆక్లాసిటినిబ్ అనే మాత్రను 2013లో అమెరికాలో కుక్కల దురదకు అనుమతించారు. మీ కుక్కకు ఏది సరిపోతుందో డాక్టరునే అడగండి.

మెడికల్ షాపులో మనకిచ్చే జలుబు మాత్ర తెచ్చి కుక్కకు వెయ్యకండి. వాటిలో అలర్జీ మందుతో పాటు ముక్కుదిబ్బడ మందు కలిసి ఉండొచ్చు. అది కుక్క ప్రాణానికే ముప్పు. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ కూడా సొంతంగా వెయ్యొద్దు. కొందరు చర్మం మీద కిరోసిన్ రాస్తారు. మెకానిక్ షెడ్డు నుంచి తెచ్చిన పాత ఇంజనాయిల్ రాస్తారు. దయచేసి రాయకండి. చర్మం కాలిపోతుంది. కుక్క దాన్ని నాకుతుంది. కడుపులోకి పోతుంది.

షికారులో నేర్పాల్సింది ఒకటుంది. పిలిస్తే వెనక్కి తిరగడం. గొలుసుతో నడుస్తూ పేరు పిలవండి. తల మీవైపు తిప్పిన మరుక్షణం ముక్క ఇవ్వండి. ఇంట్లో, మిద్దె మీద, తర్వాత వీధిలో. బాగా వచ్చాక వయ్యారిభామ ఉన్న ప్లాటు పక్కగా నడుస్తూ పిలవండి. అటు పోబోతున్న కుక్క ఇటు తిరిగితే, ఆ రోజు పొట్టకు, పాదాలకు అంటుకునే పుప్పొడి ఆ మేరకు తగ్గినట్టే. గొలుసు లాగి గుంజితే కుక్కకు మెడనొప్పి తప్ప వచ్చేది ఏమీ లేదు. మీ వీధిలో నలుగురు కలిసి ఆ ప్లాటులో వయ్యారిభామ పూతకు రాకముందే పీకేస్తే ఇంకా మేలు. చేతులకు గ్లవ్స్, ముక్కుకు గుడ్డ మరవకండి. అది కుక్కకే కాదు, ఇంట్లో ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లకూ మంచిది.

రాత్రి కుక్క నాక్కుంటుంటే ఏం చెయ్యాలి? అరవకండి. మెల్లగా పేరు పిలవండి. దగ్గరికి వస్తే, నమలడానికి ఏదైనా బొమ్మ ఇవ్వండి. పాదం చూడండి. ఎర్రగా ఉంటే తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. పిలిచినా రాకుండా, తిండి చూపినా ఆగకుండా నాకుతోందంటే దురద చాలా ఎక్కువైందన్నమాట. అది శిక్షణతో తీరేది కాదు. మర్నాడు పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.

కుక్క భయాన్ని చదవడం కూడా నేర్చుకోవాలి. ఆకలి లేకుండా పెదవులు నాక్కుంటుంది. నిద్ర రాకుండా ఆవలిస్తుంది. తల పక్కకు తిప్పుకుంటుంది. కంటి తెల్లగుడ్డు కనబడేలా చూస్తుంది. ఒళ్లు బిగబట్టి కదలకుండా నిలబడుతుంది. ఇవన్నీ 'చాలు' అన్న మాటలే. అప్పుడు ఆగండి. ఇవి మనం పట్టించుకోకపోతేనే గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు కొట్టకూడదు. కొడితే గుర్రుమనడం మానేస్తుంది గానీ భయం మానదు. హెచ్చరిక లేకుండా కరిచే కుక్క అలాగే తయారవుతుంది. ఇప్పటికే గుర్రుమంటున్న కుక్కను పిల్లల చేతికి ఇవ్వకండి. పాదం మీద పుండు ఉంటే ముందు పుండు మాననివ్వండి, ఆ తర్వాతే పాదం పాఠం. అందాకా భుజం, వీపు తాకి ముక్క ఇస్తూ ఉండండి. వీధికుక్క గోక్కుంటుంటే జాలిపడి పట్టుకోబోకండి. కుక్కల్ని పట్టడం తెలిసినవాళ్లనో, జంతు సంక్షేమ కార్యకర్తలనో పిలవండి.

శ్రోతలారా, మీ ఇంట్లో కుక్క ఉందా? ఈ సాయంత్రం అన్నం పెట్టేటప్పుడు అందులోంచి పది చిన్న ముక్కలు పక్కకు తియ్యండి. పక్కన కూర్చోండి. భుజం తాకండి, చెయ్యి తియ్యండి, ముక్క ఇవ్వండి. పది ముక్కలు అయిపోగానే ఆపెయ్యండి. రేపు మళ్లీ పది. ఇప్పటికే గోక్కుంటున్న కుక్కయితే ఈ వారంలోనే ఒకసారి పశువైద్యుడికి చూపించండి. దురద ఏ నెలలో మొదలైందో, ఒంటి మీద ఎక్కడెక్కడ గోక్కుంటోందో కాగితం మీద రాసుకుని వెళ్లండి.